జవాబు కొందరిది, పొరుగు అందరిది

ఈమధ్య ఒక సలహా అందరి నోటా వినిపిస్తోంది. ఫేస్‌బుక్ మానెయ్యి, వాట్సప్ తీసెయ్యి, ఇన్‌స్టాగ్రామ్ మూసెయ్యి, అసలు బతుకులోకి రా అని. డాక్టర్లు చెబుతున్నారు. బడి పంతుళ్లు చెబుతున్నారు. జుమ్మా బయానుల్లో మౌల్వీ సాబులూ చెబుతున్నారు. సలహా మంచిదే. నిద్ర పాడవుతోంది, కళ్లు పాడవుతున్నాయి, పక్కన కూర్చున్న మనిషి మొహం చూడకుండానే పూట గడిచిపోతోంది. కాదనేదేముంది?

కాని ఈ సలహా ఎవరికి చెబుతున్నామో కూడా చూడాలి. కడుపు నిండినవాడి ఉపవాసమూ, గింజల్లేనివాడి పస్తూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండిళ్లలోనూ పొయ్యి వెలగదు. అంతమాత్రాన రెండూ ఒకటవుతాయా? ఫోన్ వదలడమూ అంతే. తన గురించి ఎవరూ ఏమీ అననివాడు ఫోన్ పక్కన పెడితే అది విశ్రాంతి. తన పేరు మీద, తన గడ్డం మీద, తన చెల్లెలి బురఖా మీద పొద్దస్తమానం పంచాయితీ నడుస్తున్నవాడు ఫోన్ పక్కన పెడితే దాన్ని ఏమనాలి? విశ్రాంతి అనాలా, పారిపోవడం అనాలా? ముస్లింల ముందు ఈ సలహా ఇలాంటి ప్రశ్నగా మారి నిలబడుతుంది.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్ ఊరివాళ్లు 2022 ఆగస్టు 15న ఒక కట్టుబాటు మొదలుపెట్టారు. సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగగానే ఇంటింటా టీవీలు, ఫోన్లు ఆపెయ్యాలి. గంటన్నర సేపు పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. ఇందులో తెలివి ఉంది. ఒక్కడే ఫోన్ ఆపితే వాడు ఒంటరివాడవుతాడు. ఊరంతా ఆపితే అరుగుల మీద మాట మొదలవుతుంది. ఇలా ఆగడం మనకు కొత్తేమీ కాదు. రోజుకు ఐదుసార్లు అజాన్ వినగానే తక్కెడ వదిలి, కుట్టుమిషన్ ఆపి లేచిన తాతల పిల్లలం మనం.

అయితే ఆ గంటన్నరలో ఆగేది మన చేతిలో ఉన్న ఫోన్ ఒక్కటే. మన మీద తిరిగే మాట ఆగదు. ఇది తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

మా నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాలను విడదీసినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. కాగితం మీద హద్దు పడ్డా చుట్టరికాలు, సంతలు, పెళ్లి సంబంధాలు బీదర్ వైపు నడుస్తూనే ఉన్నాయి. ఆ బీదర్ జిల్లాలోనే, ఔరాద్ వైపు ముర్కి అనే ఊళ్లో, 2018 జూలై 13న హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. అతడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. స్నేహితులతో, ఖతర్ నుంచి వచ్చిన అతిథితో కారులో వెళుతూ దారిలో ఆగారు. అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు అప్పటికే ఫోన్లలో ఊరూరా పాకి ఉంది. వీళ్ల మీద అనుమానం వాట్సప్ గ్రూపులోకి ఎక్కింది. కారు కన్నా ముందు ఆ మాట ముర్కి చేరింది. జనం దారి కట్టారు. ఆపబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. తర్వాత గ్రూపు అడ్మిన్‌తో సహా పలువురిని అరెస్టు చేశారు.

ఆ ఏడాది ఆ పుకారు మతం ఒక్కటే చూసి చంపిందని అనడం లేదు. అదే జూలై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు నాథ్ గోసావీలను, అడుక్కుని బతికే సంచారులను, ఇదే నెపంతో కొట్టి చంపారు. చచ్చిపోయినవాళ్లందరిలో కలిసేది ఒకటే: ఆ ఊళ్లో వాళ్లను 'వీడు ఫలానా' అని చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ నెలలోనే వాట్సప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చోట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. పోయిన ప్రాణాలకు కంపెనీ ఇచ్చిన జవాబు ఒక అంకె.

ముర్కిలో చనిపోయిన మనిషి తన ఫోన్‌లోంచి వాట్సప్ తీసేసి ఉంటే బతికేవాడా? బతికేవాడు కాదు. అతణ్ణి చంపిన మాట ఇతరుల ఫోన్లలో ఉంది. వదిలేస్తే మనశ్శాంతి దొరకవచ్చు, రక్షణ దొరకదు. ఈ రెండింటినీ కలిపి చెప్పేవాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు.

ఇక ఆడవాళ్ల సంగతి. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' అని, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అని రెండు యాప్‌లు బయటికొచ్చాయి. ఆ పేర్లు రెండూ ముస్లిం స్త్రీలను తిట్టే తిట్లే. విలేకరులు, లాయర్లు, చదువుకుంటున్న అమ్మాయిలు తమ ఖాతాల్లో పెట్టుకున్న బొమ్మలను దొంగిలించి వేలానికి పెట్టినట్టు చూపించారు. రెండో జాబితాలో మన హైదరాబాద్‌లో సమాజ సేవ చేసే ఖాలిదా పర్వీన్ బొమ్మ కూడా ఉంది. ఆమె అరవై దాటిన మనిషి. పట్టుబడినవాళ్లలో ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న విద్యార్థులున్నారు.

అప్పుడు ఆ స్త్రీలకు చాలామంది చెప్పిన మాట ఏమిటి? 'బొమ్మలు తీసెయ్యమ్మా, ఖాతా మూసుకో, మనకెందుకొచ్చిన గొడవ' అని. ప్రేమతోనే చెప్పి ఉండొచ్చు. కాని దొంగతనం జరిగిన ఇంటివాళ్లను ఇల్లు ఖాళీ చేయమన్నట్టుంది ఆ మాట. ఆ వేలం జరిగిన నెల రోజులకే, 2022 ఫిబ్రవరి 5న, కర్ణాటక ప్రభుత్వం కాలేజీల్లో యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. దాని పేరుతో ఎందరో అమ్మాయిలను తల మీది హిజాబ్ తీస్తేనే లోపలికి రానిచ్చారు. తల కప్పుకుంటే కాలేజీ గేటు మూశారు. మొహం చూపిస్తే వేలం వేశారు. కప్పుకోవాలో వద్దో, కనిపించాలో వద్దో ఆమెను తప్ప అందరినీ అడిగారు. ఇలాంటి చోట 'సోషల్ మీడియా వదిలెయ్' అన్న సలహా ఆమె చెవికి ఇంకో పర్దాలాగే వినిపిస్తుంది. వదలాలని ఆమె అనుకుంటే అది ఆమె ఇష్టం. వదిలిపెట్టేలా చేస్తే అది వెళ్లగొట్టడం.

మరి వదలకుండా అక్కడే ఉందామా? ఉంటే ఏమవుతున్నామో అది కూడా చూద్దాం.

2020 మార్చి చివర్లో నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. ఏప్రిల్ అంతా 'కరోనా జిహాద్' అన్న మాట దేశమంతా ఊరేగింది. ఏ జమాత్‌తోనూ సంబంధం లేని తోపుడుబండి కూరగాయల సాయిబు కూడా ఆ మాటకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది. కోర్టు మాట వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఫోన్ ఉన్న ప్రతి ముస్లిం కుర్రాడూ వకీలు అయ్యాడు. 'మేము అలాంటివాళ్లం కాదు' అని రాత్రి రెండింటి దాకా రాస్తూ కూర్చున్నాడు. ఎవరికి? తనను ఎన్నడూ చూడనివాడికి. తను చెప్పింది వినాలన్న కోరికే లేనివాడికి.

ఇలా రోజూ బోనులో నిలబడ్డ మనిషికి చివరికి బోనే ఇల్లవుతుంది. ఊళ్లో ఒక మనిషికి ఎన్ని పేర్లుంటాయి! దర్జీ, మేకల బేరగాడు, కౌలు రైతు, మేస్త్రీ, ఫలానా వాళ్ల అల్లుడు, బాకీ ఎగ్గొట్టనివాడు, కోపం ఎక్కువున్నవాడు. వాటిల్లో సాయిబు అన్నది ఒకటి. ఫోన్‌లోకి వెళ్లగానే మిగతావన్నీ రాలిపోయి ఆ ఒక్కటే మిగులుతుంది. ఎదుటివాడు దాన్ని తిడతాడు, మనం దాన్నే కాపాడుకుంటాం. ఇద్దరమూ కలిసి మన తక్కిన బతుకును చెరిపేస్తాం.

తెలుగులో ముస్లింవాద రచన మొదలైన రోజులు గుర్తు చేసుకోండి. 1990 ప్రాంతంలో విద్వేషం ఆడియో క్యాసెట్లలో తిరిగేది. రామజన్మభూమి ఉపన్యాసాలు టీకొట్ల దాకా వచ్చాయి. ఆ రోజుల్లోనే, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. నిందలకు జవాబు వాటిలో ఉంది. కాని అక్కడితో ఆగలేదు. మన ఇళ్లు, మన అమ్మల అలసట, మన పేదరికం, మనలో మనకున్న ఎక్కువ తక్కువలు, అన్నీ మాటల్లోకి వచ్చాయి. మన సంగతి మనం చెప్పుకోవడానికీ, ఎవడో లేపిన నిందకు ఉలిక్కిపడి బదులివ్వడానికీ ఉన్న తేడా అది.

మన గ్రూపుల్లో జరిగేది కూడా దాచుకోనక్కర్లేదు. ఈ మసీదువాళ్లు ఆ మసీదువాళ్లను కాఫిర్లనడం, దూదేకుల వాళ్లను చిన్నచూపు చూడడం, ఎక్కడో తీసిన వీడియోను ఇక్కడిదని పంపడం, 'ఇరవై మందికి పంపకపోతే నీ ఈమాన్ లేనట్టే' అని బెదిరించడం. వార్త వస్తే నిజమో కాదో తేల్చుకోండి, తెలియక ఎవరికీ హాని చేయకండి అని ఖురాన్‌లో హుజురాత్ సూరా చెబుతుంది. వెనక మాట్లాడుకోవడాన్నీ, ఆరాలు తీయడాన్నీ ఆ సూరాయే తప్పు పడుతుంది. ఆ ఆయతులనే బొమ్మగా చేసి పొద్దున్నే గ్రూపులో పెట్టి, మధ్యాహ్నానికి పుకారు పంపేవాళ్లు మనలో లేరా?

కాబట్టి ఉంటే ఒక నష్టం, పోతే ఒక నష్టం. ఈ ముడి ఎక్కడ విప్పాలి?

దీనికి పనికొచ్చే రెండు పరిశోధనలున్నాయి. 2018లో అమెరికాలో, ఎన్నికల ముందు, కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించారు. వాళ్లు ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో ఎక్కువసేపు గడిపారు. మనసు కొంచెం కుదుటపడింది. రాజకీయ విషయాల్లో పట్టుదలలు కాస్త తగ్గాయి. వార్తలు తెలియడం కూడా తగ్గింది. మానేస్తే మంచిదనడానికి ఇది చాలు అనిపిస్తుంది. తర్వాత ఇంకొకరు బోస్నియాలో చూశారు. 1995లో స్రెబ్రెనిత్సాలో దాదాపు 8,000 మంది ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపిన దేశం అది. 2019 జూలైలో, ఆ మారణకాండను తలచుకునే రోజుల్లో, కొందరితో ఫేస్‌బుక్ మాన్పించారు. ద్వేషం తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. మానినవాళ్లకు అవతలి జాతి మీద సదభిప్రాయం ఇంకా తగ్గింది. అందులోనూ తమవాళ్లే తప్ప వేరేవాళ్లు లేని చోట్ల ఉండేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఫోన్ వదిలి వీధిలోకి వెళ్లినవాడికి ఆ వీధిలో ఎవరున్నారన్నది ముఖ్యం. అందరూ తనవాళ్లే అయితే, ఫోన్‌లో విన్నదే అరుగు మీద ఇంకా గట్టిగా వింటాడు. అసలు బతుకు అనగానే అది మంచిదే అయి ఉంటుందని మనం అనుకుంటున్నాం. అది ఎలాంటి బతుకు? హైదరాబాద్‌లో ముస్లిం పేరు చెప్పగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనే వీధులున్నాయి. ఆ మాట విని విని మనవాళ్లు మనవాళ్ల మధ్యకే వెళ్లి సర్దుకుంటున్నారు. అక్కడి పిల్లవాడు ఫోన్ కట్టేసినా హిందూ స్నేహితుడు ఎక్కడ దొరుకుతాడు? అవతలి కాలనీలో పిల్లవాడికి ముస్లిం స్నేహితుడు ఎక్కడ దొరుకుతాడు?

ఇక్కడ మన దీన్‌లోనే ఉన్న ఒక లెక్క పనికొస్తుంది. విధులు రెండు రకాలని ఉలమాలు చెబుతారు. ఒకటి ఫర్జె కిఫాయా. ఊళ్లో కొందరు చేస్తే అందరి భారం తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరికీ పాపం. జనాజా నమాజు అలాంటిది. రెండోది ఫర్జె ఐన్. ఎవరికి వాళ్లు చేయాల్సిందే, ఒకరి బదులు ఇంకొకరు చేస్తే చెల్లదు. రోజువారీ నమాజు అలాంటిది. ఫోన్‌లో అబద్ధానికి జవాబు చెప్పడం మొదటి రకం. పొరుగువాడితో కలిసి బతకడం రెండో రకం. మనం ఈ రెండింటినీ తారుమారు చేశాం. అందరం జవాబులు రాస్తున్నాం. పొరుగును ఎవరో చూసుకుంటారులే అని వదిలేశాం.

జవాబు చెప్పడానికి పని తెలిసినవాళ్లు కావాలి. బొమ్మ ఎక్కడిదో, వీడియో ఏ ఏడాదిదో పట్టుకోవడం ఒక విద్య. హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులో ఆ పని చేస్తున్నారు. ఆల్ట్ న్యూస్‌ను నడిపేవాళ్లలో ఒకడైన మహమ్మద్ జుబేర్‌ను, 2018లో పెట్టిన ఒక ట్వీట్ మీద 2022 జూన్ 27న ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. జూలై 20న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అందరి తరఫున నిలబడేవాడు చెల్లించే వెల ఇది. వాళ్లకు చందా ఇద్దాం, వకీలును పెడదాం, వాళ్లు తేల్చిన నిజాన్ని నలుగురికి చెబుదాం. యాప్‌లో బొమ్మ పెట్టినప్పుడు కేసు వేసిన స్త్రీల వెనక నిలబడదాం. కాని ఆ పని పేరు చెప్పి ప్రతి ఇంట్లో ప్రతి పిల్లవాడూ రాత్రంతా తిట్లు తింటూ కూర్చోనక్కర్లేదు. వాడు నిశ్చింతగా ఫోన్ వదలొచ్చు. వదిలి ఖాళీగా ఉండడానికి మాత్రం కాదు, రెండో విధి చేయడానికి.

ఆ రెండో విధికి ఎంత బలముందో 2018లోనే గద్వాల వైపు కనిపించింది. పుకార్లు ముసురుకున్నప్పుడు అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు. డప్పు కొట్టించారు, పాటలు పాడించారు. కానిస్టేబుళ్లు గడప గడపకూ వెళ్లి మాట్లాడారు. ఫోన్‌లో వచ్చిన మాటను మొహం తెలిసిన మనిషి మాట ఓడించింది.

నేను పాతకాలపు ఊరును పొగడడం లేదు. ఫోన్ లేని కాలంలోనూ పుకారు ఉంది, కత్తి ఉంది. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హత్యాకాండను పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఊరూరా తిరిగి రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాలని వాళ్లు చెప్పినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అప్పటి బీదర్ అంటే నారాయణఖేడ్ కూడా అందులోదే. చంపినవాళ్ల దగ్గర ఏ ఫోన్ ఉంది?

అదే నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. ముస్లింలను కాపాడిన హిందువులూ ఉన్నారని, ఒకే వృత్తి చేసేవాళ్ల మధ్య ఈ తోడు మరీ గట్టిగా కనిపించిందని వాళ్లు రాశారు. కొన్ని చోట్ల హిందూ సాలెవాళ్లు ముస్లిం సాలెవాళ్లకు అడ్డం నిలబడి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. గుంపు కంటికి అక్కడ కనిపించింది తురక. పక్క మగ్గం వాడికి కనిపించింది సాలె. ఆ రెండో పేరు తెలిసినవాడే అడ్డం వెళ్లాడు. ముర్కిలో ఆ రెండో పేరు తెలిసినవాడు లేడు.

ఆ రెండో పేరు ఫోన్‌లో దొరకదు. దాన్ని ఏళ్ల తరబడి ఊళ్లో సంపాదించుకోవాలి. మంజీర ఒడ్డున బోరంచ ఉంది. నల్లపోచమ్మ ఉన్న ఊరు. ఈ వైపు సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే నోట్లో తిరుగుతాయి. పీర్లు లేచిన నాడు దట్టీ కట్టేవాళ్లలో సాయిబులే ఉండరు. ఈ తాలూకా తండాల నుంచి చెరుకు కొట్టడానికి ఎన్నో కుటుంబాలు ఊళ్లు దాటి వెళతాయి. కొడుకు దుబాయిలో ఉన్న తల్లికి, కోడలు చెరుకు తోటలో ఉన్న అత్తకు వాట్సప్‌లో కనిపించే ఆ మొహమే అసలు బతుకు. ఆమెను ఫోన్ మానమని ఏ మౌల్వీ చెప్పినా వినకూడదు. మానవలసింది ఎక్కడివాడో తెలియనివాడి మీద కోపంతో గడిపే గంటలు. ఆ గంటలు ఎక్కడికి పోవాలంటే గ్రామసభకు పోవాలి. బడి కమిటీకి పోవాలి. మంజీర నీళ్లు ఎవరి చేనుకు, ఎవరి చేను మీదుగా అని మాట్లాడే చోటికి పోవాలి. పక్కవాడలో చావైతే పాడె దగ్గరికి పోవాలి. జాతరలో పిలిచినా పిలవకపోయినా పలకరించడానికి పోవాలి. అక్కడ కూడా అవమానం ఎదురవుతుంది. 'ఏం సాయిబూ, మీవాళ్లు అక్కడ గట్ల చేసిండ్రట' అని ఎవరో అంటారు. కాని ఆ అన్నవాడికి మొహం ఉంటుంది, మన దగ్గర తీసుకున్న అప్పు ఉంటుంది, రేపు మనతో పని ఉంటుంది. అతడితో తగువు పడొచ్చు. మళ్లీ కలవొచ్చు. బ్లాక్ చేసేసి వెళ్లిపోవడానికి అక్కడ వీలుండదు.

ఈ పని ముస్లింల ఒక్కరిదే అంటే అన్యాయం. పొరుగు ఫర్జె ఐన్ అయితే అది రెండు గడపలకూ వర్తిస్తుంది. ఇల్లు అద్దెకివ్వనివాడు, మన మొహల్లాలో ఒక్కసారీ అడుగు పెట్టనివాడు ఫోన్ మానేసి ధ్యానం చేసుకుంటే అతడికి శాంతి కలగవచ్చు, మనకు ఒరిగేదేమీ లేదు. అతడూ గడప దాటాలి.

రంజాన్ చివరి పది రోజులు ఒకడు మసీదులో ఎతెకాఫ్ కూర్చుంటాడు. మాటలు, బేరాలు, ఇల్లు అన్నీ వదిలేస్తాడు. మొహల్లాలో ఒక్కడు కూర్చున్నా అందరి తరఫునా చెల్లుతుందంటారు. నెలవంక కనిపించగానే అతడు లేచి బయటికి వస్తాడు. మరునాడు ఈద్. ఆ రోజు ఎవరి సేమ్యా వాళ్లు తింటే పండుగ కాదు. పక్కింటికి గిన్నె పంపాలి. ఆ గిన్నె పట్టుకెళ్లే చేతిలో ఫోన్ ఉండటానికి వీలుండదు.